పరాయి నెత్తురు

బస్సు సీటు రెగ్జిన్ ఊడదీస్తే కింద ఏముంటుందో తెలిసినవాడెవడూ బస్సులో కూర్చుని ప్రయాణం చెయ్యడు. చెమట తాగి నల్లబడ్డ స్పాంజి, తలపిన్నులు, పల్లీ తొక్కలు, ఏ పిల్లదో ఒంటి చెప్పు. మౌని వాటన్నిటినీ చేత్తో ఒక పక్కకి ఊడ్చి, పటకారుతో పాత మేకులు లాగుతున్నాడు. కొత్త మేకులు గుప్పెడు నోట్లో ఉన్నాయి. నాలుకతో ఒక్కొక్కటే పెదాల మధ్యకి తోసి, వేళ్ళతో అందుకుని, ఒక్క దెబ్బతో చెక్కలోకి దింపడం ఆ పనిలో అలవాటు. పగలంతా నోట్లో మేకులుండే మనిషి మాట్లాడేదేముంటుంది? అందుకే సీట్లు కుట్టే షెడ్డులో అందరూ అతన్ని మౌని అనేవాళ్ళు. ఇంట్లో నోరు ఖాళీగా ఉన్నా అతను మాట్లాడేది అంతంతమాత్రమే.

ఆ రోజు చెయ్యి కుదురుగా లేదు. రెండు మేకులు వంకరపోయాయి, మూడోది బొటనవేలి గోటి పక్కన దిగింది. ముందురోజు సాయంత్రం లేడీ డాక్టరు అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది.

పిల్లల్లేరని మూడేళ్ళుగా పరీక్షలన్నీ అతని భార్యకే. సూదులు పొడిపించుకుంది, మాత్రలు మింగింది, వాటితోపాటు అత్తగారి మాటలూ మింగింది. ఇప్పుడు పొట్టకి చిల్లు పెట్టి, లోపలికి కెమెరా పంపి చూడాలన్నారు. మత్తు ఇవ్వాలి, ఒక రోజు ఆస్పత్రిలో ఉంచాలి. తేదీ వెయ్యబోతూ డాక్టరు కలం ఆపి అతని వైపు తిరిగింది. "ఇన్నిసార్లు ఆవిణ్ణి పొడిచాం. మిమ్మల్ని ఒక్కసారైనా చూడకుండా ఆవిడ మీద కత్తి పెట్టడం నాకే న్యాయంగా లేదు. మగవాళ్ళ హార్మోను ఒకటి ఉంటుంది, అది ఎంతుందో రక్తంలో తెలుస్తుంది. రేపు పొద్దున్నే ఇవ్వండి. సిగరెట్టుందా? మందు? గంజాయి?"

పక్కనే తల్లి కూర్చుని ఉంది, భార్య కూర్చుని ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే మౌని "అబ్బే, లేదండీ" అనేశాడు. మరీ తొందరగా అన్నాడు. డాక్టరు అతని వంక ఒక్క క్షణం చూసి, ఏదో రాసుకుంది. తల్లి మాత్రం "వాడికి టీ కూడా ఒక పూటేనమ్మా" అని గర్వంగా చెప్పింది.

ఉదయం డాక్టరు పంపిన లాబ్ గుమ్మం దాకా వెళ్ళి, లోపల సూదులూ గొట్టాలూ చూసి, పని ఉందని తనకు తానే చెప్పుకుని షెడ్డుకి వచ్చేశాడు.

మధ్యాహ్నం షెడ్డు వెనక చక్రాల్లేని బస్సు డొక్కులో, చివరి వరసలో, బాబాయ్ అప్పటికే పొగ వెలిగించుకుని ఉన్నాడు. సొంత బాబాయ్ కాదు. షెడ్డులో పెద్ద మేస్త్రి, అందరికీ బాబాయే. స్పాంజి అతికించే సొల్యూషన్ వాసనకి నెత్తి పగిలిపోతుంటే గంజాయి ఒక్కటే మందని మౌనికి నేర్పింది ఆయనే. నేర్చుకున్నవాడు ఎనిమిదేళ్ళుగా ఏ రోజూ పాఠం ఎగ్గొట్టలేదు.

మౌని విషయం చెప్పాడు. "గంజాయి తాగితే ఆ హార్మోను తగ్గుతుందా బాబాయ్?"

బాబాయ్ పొగ వదిలి నవ్వాడు. "ఇరవై ఏళ్ళుగా తాగుతున్నా. నలుగురు పిల్లలు. ఐదోవాడు పుడతాడేమోనని మీ పిన్ని నన్ను వసారాలో పడుకోబెడుతోంది. ఇంకేం తగ్గుతుందిరా?"

"సెల్లులో చూశాను. ఒకచోట తగ్గుతుందని ఉంది. ఒకచోట పెరుగుతుందని ఉంది. ఇంకోచోట తేడా ఏమీ లేదని ఉంది."

"అంటే వాళ్ళకే తెలీదు. కానీ ఒకటి మాత్రం ఖాయం. నీ నెత్తురు తియ్యగానే పొగ తాగావని బయటపడిపోతుంది. లాబ్‌లో ఆ మిషన్లకి అన్నీ తెలిసిపోతాయి."

హార్మోను ఎంతుందో చూసే పరీక్ష వేరు, మత్తుపదార్థం పట్టుకునే పరీక్ష వేరు అని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఈ కథే లేదు. తల్లి ముందు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుందని మౌనికి భయం పట్టుకుంది. అప్పుడే డొక్కు బయట సన్యాసి స్పాంజి దిమ్మ మోసుకుంటూ పోయాడు. బాబాయ్ గడ్డంతో అటు చూపించాడు. "శుద్ధమైన నెత్తురు అదిగో పోతోంది."

సన్యాసికి ముప్ఫై దాటింది. సిగరెట్టు లేదు, మందు లేదు, టీ కూడా తాగడు, అందుకే ఆ పేరు. ఆలస్యంగానైనా సంబంధం కుదిరింది. వచ్చే నెలలో పెళ్ళి. పెళ్ళి కుదిరిన సన్యాసివి నువ్వొక్కడివేరా అని అందరూ ఆటపట్టిస్తుంటే సిగ్గుపడుతూ తిరుగుతున్నాడు. కాదనడం చేతకాని మనిషి. మౌని తన పేరుతో రక్తం ఇచ్చి రమ్మంటే తెల్లబోయి, కాసేపు ఆలోచించి, "రక్తమే కదన్నా. రోజూ దోమలకి ఇవ్వట్లేదా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లాబ్‌లో మౌని పేరు పిలిస్తే సన్యాసి లేచాడు. మౌని బయట మెట్ల మీద నిలబడి, రోడ్డు మీద పోయే ప్రతి మనిషినీ తనకు తెలిసినవాడేమోనని చూస్తూ ఉన్నాడు. లాబ్‌లో అమ్మాయి తలెత్తి మొహం కూడా చూడలేదట. మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ వచ్చిన సన్యాసి, "నొప్పే లేదన్నా, ఊరికే భయపడ్డావు" అని ధైర్యం చెప్పాడు.

*

"ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు," అంది డాక్టరు.

ఈసారి తల్లి రాలేదు, భార్యాభర్తలే ఉన్నారు. మౌనికి ముందు అర్థం కాలేదు. శుద్ధమైన నెత్తురు కదా, తక్కువెలా వస్తుంది? ఆ తర్వాత, తనది కాని రక్తానికి తన మొహం ఎందుకు మాడిపోతోందో అతనికే తెలియలేదు. నీ మగతనం ఇంతే అని నలుగురిలో అన్నట్టే తల వాలిపోయింది. నాది కాదు, అది నాది కాదు అని అరవాలనిపించింది. ఆ మాట అంటే, మరి ఎవరిది అన్న ప్రశ్న దాని వెనకే ఉంది.

"కారణాలు చాలా ఉండొచ్చు," అంది డాక్టరు. "పుట్టుకతో ఉండొచ్చు, వేరే జబ్బు కావచ్చు. అందుకే మళ్ళీ అడుగుతున్నా. గంజాయి అలవాటుంటే దాచకండి. దాంతో తగ్గుతుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి, ఏమీ కాదని కొన్ని చెబుతున్నాయి. ఇంకా తేలలేదు. తేలలేదు గనకే మానేసి చూడమంటాం."

"లేదండీ," అన్నాడు మౌని. మొదటిసారి అబద్ధం, రెండోసారి అలవాటు.

"సరే. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదు. వచ్చే వారం మళ్ళీ పొద్దున్నే రక్తం ఇవ్వండి. అప్పటిదాకా ఆవిడ ఆపరేషను ఆపుదాం."

మెట్లు దిగుతూ భార్య మధ్యలో ఆగిపోయింది. గోడ పట్టుకుని మెట్టు మీదే కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తనకోసమే ఏడుస్తోందనుకుని మౌని పక్కన వంగాడు. కొంగు తీసేసరికి ఆమె మొహంలో నవ్వుంది.

"ఏమనుకోకండి. మీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. కానీ నాది కాదు కదా? ఆవిడ అన్న మాటకి అర్థం నాది కాకపోవచ్చనే కదా?"

మౌని తలూపాడు. అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. మూడేళ్ళలో వీధిలో ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఇంట్లో తల్లి అడిగితే భార్యే చెప్పింది, చాలా మెల్లగా, అతన్ని కాపాడుతున్నట్టు. "ఆయనదే కొంచెం తక్కువుందట అత్తయ్యా. మందులున్నాయట." తల్లి నమ్మలేదు. లాబ్‌వాళ్ళని తిట్టింది, డాక్టర్ని తిట్టింది, దండెం మీది బట్టలు తీసి మడతపెట్టింది. మర్నాడు పొద్దున కోడలితో, "నువ్వు తిన్నావా?" అంది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న కోడలికి వెయ్యడం ఎవరికీ గుర్తులేదు.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. పక్కింటావిడ తన మనవరాల్ని ఎత్తుకుని వచ్చింది. ఇదివరకు ఆ పసిబిడ్డ గుమ్మంలోకి రాగానే తల్లి కోడలికి వంటింట్లో ఏదో ఒక పని పురమాయించేది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడగమనేది. ఏ బిడ్డకీ కోడలి దిష్టి తగలకూడదని ఆవిడ భయం. ఆ రోజు తల్లి బిడ్డని అందుకుని, ఒక నిమిషం ఆడించి, వంటింటి వైపు తిరిగి, "ఇదుగో, కాస్త పట్టుకో. నాకు చేతులు లాగుతున్నాయి" అని కోడలి చేతుల్లో పెట్టింది.

ఆమె చేతులు తడిగా ఉన్నాయి. చీరకి తుడుచుకునే వ్యవధి లేక మణికట్లతో ఎత్తుకుంది. బిడ్డ ఆమె చెవి పట్టుకుని లాగుతుంటే నొప్పికి మొహం చిట్లించిందే కానీ వదిలించుకోలేదు. పని నుంచి వచ్చిన మౌని గుమ్మంలో చెప్పులు విప్పుతూ అదంతా చూశాడు. ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయాడు.

*

అడకత్తెరలో పోకచెక్క అంటారు. పోకచెక్కకి ఉన్నవి రెండు వైపులే, మౌనికి మూడు. నిజం చెబితే భార్య మళ్ళీ వంటింట్లోకి పోతుంది. చెప్పకపోతే సన్యాసి ఏమీ తెలియకుండానే పెళ్ళి చేసుకుంటాడు. ఈ రెండూ కాక, వచ్చే వారం మళ్ళీ రక్తం ఇవ్వాలి. తనదే ఇస్తే ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు. తక్కువ రావాలని కోరుకుంటున్న మగవాడు ఈ లోకంలో తనొక్కడేనేమో అనుకున్నాడు. ఖాయంగా తక్కువ రావాలంటే మాత్రం మళ్ళీ సన్యాసినే పంపాలి. పోయినసారి అతని నెత్తురు శుద్ధమని అరువు తెచ్చుకున్నాడు, ఈసారి చెడ్డదని తెచ్చుకోవాలి.

బస్సు డొక్కులోకి వెళ్ళడం మానేశాడు. మానేద్దామని కాదు, బాబాయ్ మొహం చూడలేక. నాలుగు రోజులకే నిద్ర పట్టక, తిన్నది సయించక, ఊరికే చిరాకుపడుతూ కుట్టుమిషను మీద రెండు సూదులు విరిచాడు. అయినా నోట్లో మేకులుండటం మంచిదైంది. ఎందుకంటే సన్యాసి రోజూ అడుగుతున్నాడు.

"నా రక్తం బాగానే వచ్చిందా అన్నా?"

మౌని మేకుల మధ్యనుంచే, "బ్రహ్మాండం" అన్నాడు.

"చెప్పానా! మరి వదిన మొహంలో కళ వచ్చిందట, బజార్లో చూసిన బాబాయ్ చెప్పాడు. మళ్ళీ ఇవ్వాలంటే చెప్పు, మొహమాటపడకు."

సన్యాసి సాయంత్రాలు మిగిలిన స్పాంజి ముక్కలు అతికించి, తన పెళ్ళి మంచానికి తలవైపు ఆనుకునే మెత్తటి చెక్క తయారుచేసుకుంటున్నాడు. ముదురు ఎరుపు రెగ్జిన్, మధ్యమధ్య గుండీలు. బస్సు సీటుకి అంత శ్రద్ధగా కుట్టిన కుట్టు మౌని ఎప్పుడూ చూడలేదు. సన్యాసి అంచు వెంట కుట్టిన పైపింగు చేత్తో తడిమి, ఎక్కడో నలిగిందని విప్పి, మళ్ళీ కుట్టాడు.

రెండో పరీక్ష ఉదయం ఇద్దరూ కలిసి లాబ్‌కి బయల్దేరారు. తేదీ కనుక్కుని సన్యాసే వచ్చాడు. పిలవడానికి మౌనికి నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. సన్యాసి అప్పుడే చొక్కా చెయ్యి మోచేతి దాకా మడుచుకుని నడుస్తున్నాడు. "ఏడాది తిరిగేసరికి నీకో కొడుకు, నాకో కొడుకు అన్నా. ఇద్దర్నీ చదివిద్దాం. ఈ సొల్యూషన్ వాసన వాళ్ళకొద్దు" అంటున్నాడు.

మూసి ఉన్న ఒక కొట్టు ముందు మౌని ఆగిపోయాడు. చెప్పాలనుకుని ఆగలేదు, కాళ్ళు ఆగాయి. ఆగాక చెప్పక తప్పలేదు.

"ఆ రోజు బాగా రాలేదురా. తక్కువ వచ్చింది. సగం కూడా లేదట."

"ఎవరిది?"

"ఎవరు ఇచ్చారు?"

సన్యాసి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. దానికి సంగతి ఇంకా తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది. తర్వాత అతను చాలా అమాయకంగా, కోపం కూడా లేకుండా, "తాగింది నువ్వు కదన్నా!" అన్నాడు.

మౌని మూసిన కొట్టు తాళం కేసి చూశాడు.

సన్యాసి మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించి, గుండీ పెట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాడు మౌని. వెళ్ళలేదు. లాబ్‌లోకి నడిచి, బల్ల దగ్గర అమ్మాయికి తన సొంత పేరు చెప్పి, పోయినవారం చేసిన పరీక్షే తనకీ చెయ్యమన్నాడు. మౌని తన పేరు చెప్పాడు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో, మోచేతి మడతల్లో దూది నొక్కుకుని, ఎదురుగా ఉన్న గోడ చూస్తూ కూర్చున్నారు. మౌనికి నిజంగానే నొప్పి పుట్టలేదు. దానికి మరింత సిగ్గేసింది.

*

ఆ సాయంత్రం తల్లి పక్కింటికి వెళ్ళినప్పుడు భార్యకి చెప్పాడు. ఆమె స్టవ్ తుడుస్తోంది. గంజాయి సంగతి, లాబ్ సంగతి, సన్యాసి సంగతి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆమె వెనక్కి తిరగలేదు. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తోంది.

"సన్యాసికి చెప్పారా?"

"చెప్పాను. పొద్దున."

"అంటే నాకన్నా ముందు అతనికి."



ఆమె గుడ్డ పిండి, ఆరేసి, అప్పుడు తిరిగింది. "నా ఒంట్లో ఎన్ని సూదులు దిగాయో ఎప్పుడైనా అడిగారా? ప్రతిసారీ నేనే వెళ్ళాను. నా బదులు వెళ్ళమని ఎవర్నీ బతిమాలలేదు. మీకు ఒక్క సూది. ఒక్క సూదికి మనిషిని పెట్టుకున్నారు!"

"తప్పే."

"ఇప్పుడు మీది బాగుందని వస్తే?"

అతనికీ రాత్రింబగళ్ళూ అదే భయం. "రాకూడదని అనుకుంటున్నాను," అన్నాడు.

ఆమె అతని వంక వింతగా చూసింది. ఏడుస్తుందేమోననుకున్నాడు. ఏడవలేదు. తల్లి గుమ్మంలో దగ్గిన చప్పుడు వినిపించి, అన్నం గిన్నె దించడానికి అటు తిరిగింది.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ వెళితే, డాక్టరు కాగితం చూసి కళ్ళద్దాలు తీసింది. "పూర్తిగా మామూలుగా ఉంది. వారంలో ఇంత తేడా రాదే?"

మౌని చెప్పాడు. డాక్టరు కూడా ఆడదే కనక తిడుతుందని సిద్ధపడి వచ్చాడు. ఆవిడ కాగితం మడిచి పక్కన పెట్టి, "ఆ రెండో అతన్ని నా దగ్గరకి పంపండి, ఎవరికి చూపించుకోవాలో చెబుతాను. అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, మందున్న సంగతి" అంది. తర్వాత మౌని వైపు తిరిగింది. "హార్మోను బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. గంజాయి పూర్తిగా మానండి. వీర్య పరీక్ష ఇవ్వాలి. దానికి మనిషిని పంపడం కుదరదు, తెలిసిందా? అదీ చూశాకే ఆవిడ ఆపరేషను మాట. అంతవరకు తప్పు ఎవరిదో నేను చెప్పను, మీ ఇంట్లో ఎవరూ చెప్పకూడదు."

ఎవరూ చెప్పకూడదట! ఆవిడకేం, ఆవిడ చెప్పేసి తర్వాతి మనిషిని పిలుస్తుంది.

సన్యాసి ఆ రోజు పనికి రాలేదు. అతనిది మళ్ళీ తక్కువే వచ్చిందనీ, ఆ కాగితం జేబులో పెట్టుకుని పెళ్ళికూతురికి తనే చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాడనీ బాబాయ్ ఫోనులో చెప్పాడు. "వద్దురా, పెళ్ళయ్యాక చూసుకోవచ్చు అన్నాను. వినలేదు" అన్నాడు. ఎప్పుడూ నవ్వే గొంతులో ఆ రోజు నవ్వు లేదు. మౌని ఫోను పెట్టేసి, ఇంటి దారంతా భార్య వెనకే నడిచాడు.

తల్లి గుమ్మంలోనే ఉంది. పక్కన పీట మీద పక్కింటావిడ మనవరాలు, కాళ్ళు చాపుకుని గరిటె నాకుతోంది. ఇద్దర్నీ చూసి తల్లి లేచింది. ఆవిడ మొహంలో ఆశ ఉంది. కొడుకుది బాగుందని వింటే పిల్లల్లేని తప్పు మళ్ళీ ఎవరి నెత్తిన పడుతుందో మౌనికి తెలుసు. అబద్ధం చెబితే మళ్ళీ భార్య ముందు అబద్ధాలకోరే. ఏం చెప్పాలో తేల్చుకోలేక చెప్పులు విప్పడానికి వంగాడు.

"ఏమన్నార్రా? ఈసారి బాగుందా?"

"తక్కువేనట అత్తయ్యా," అంది భార్య. గొంతు ఎక్కడా వణకలేదు. "పోయినసారికన్నా ఇంకా తగ్గిందట."

మౌని తలెత్తాడు. ఆమె అత్తగారి వైపు చూడటం లేదు, అతని వైపే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. ఈ అబద్ధం మీరు మొదలుపెట్టిందే, మీరే మొయ్యండి అన్నట్టు నిలబడి ఉంది. రేపు పరీక్షలో ఏం రానీ, ఈ ఇంట్లో మాత్రం ఇదే మాట ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉంటుంది. తల్లి దగ్గర, చుట్టాల దగ్గర, తనని చూసి గొంతు తగ్గించే ప్రతి మనిషి దగ్గరా.

"అంతేనట్రా?" అంది తల్లి. కాదంటాడేమోనని కొడుకు నోటివంకే చూస్తోంది.

నాది బాగానే ఉందమ్మా. నాలుగు మాటలు కూడా లేవు. అతని నాలుక చివరిదాకా వచ్చాయి.

"అంతేనమ్మా," అన్నాడు మౌని. "నాదే తక్కువ."

తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. కోడలి భుజం మీద చెయ్యి వేసి, "బయట ఎవరికీ చెప్పకమ్మా. ఇంటి పరువు" అంది. "నేనెందుకు చెబుతానత్తయ్యా" అంది కోడలు. వంగి బిడ్డని చంకనేసుకుని, గరిటె లాక్కోబోతే బిడ్డ ఏడవడంతో వదిలేసి, నవ్వుతూ పక్కింటి వైపు వెళ్ళింది.

మౌని గోడకి చేరగిలబడ్డాడు. తల్లి లోపలికి పోయి పాలు కాచి, గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది. జ్వరం వచ్చిన పిల్లవాడి దగ్గర నిలబడ్డట్టు, అతను మొత్తం తాగేదాకా అక్కడే నిలబడింది.